బావ తీర్పులో నా మాట

మొన్న కరీంనగర్ కోర్టు వరండాలో ఒక కుర్ర వకీలు పాత హైకోర్టు తీర్పొకటి స్నేహితుడికి చదివి వినిపిస్తున్నాడు. "ఏరు జరగవచ్చు, బావి జరగదు" అని అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం అందులో ఒకటి. "ఎంత మంచిగ రాసిండు జడ్జి సాబ్!" అని మురిసిపోయాడు. ఈ వయసులోనూ నా కడుపు భగ్గున మండింది. ఆ తీర్పు రాసింది మా మేనత్త కొడుకు. మాట మాత్రం నాది.

ఇద్దరం ఒకే గదిలో ఉండి వకాలతు చదివాం. ఉర్దూలో నేనే ముందు. పోలీసు యాక్షన్ తర్వాత కోర్టుల్లోకి ఇంగ్లీషు వచ్చేసరికి నా నాలుక మొద్దుబారింది, ఆయనది సాగింది. ఆయన మున్సిఫై లక్సెట్టిపేటకు వచ్చాడు. నేను అదే కోర్టులో ఆయనకు వంగి సలాం చేసే వకీలునయ్యాను. ఆయన వెనక బంట్రోతు గొడుగు పట్టుకొని నడుస్తుంటే వాన కోసం ఎదురుచూసేవాణ్ని, గాలివానైతే మరీ మంచిదని. మా అవ్వ ఆయనొస్తే కోడిని కోసేది, నాకు రోజూ పచ్చిపులుసే. "బావను సూసి నేర్సుకో బిడ్డా" అని పైనుంచి ఉపదేశం.

అప్పుడే ఒక రైతు కేసు నా చేతికొచ్చింది. గోదావరికి కరీంనగర్ వైపు అతని చేను. ఒక వరదకు ఏరు చేనును మింగింది. కొన్నేళ్లకు పక్కకు జరిగితే చేను బయటపడింది, కానీ లక్సెట్టిపేట ఒడ్డుకు అతుక్కొని. ఈ ఒడ్డువాళ్లు దున్నుకున్నారు. నీళ్లు తీసిన ఇసుక మేటలో ముందు విత్తినవాడిదే పంట అని ఏటిగడ్డ ఊళ్లలో ఆనవాయితీ. నేను కేసు వేస్తే, చుట్టరికం ఉందని ఎదుటి వకీలు అడ్డం చెప్పలేదు. మాట రాకూడదని బావ నా మీద ఇంకా బిర్రుగా ఉంటాడని ఆ వకీలుకు తెలుసు.

ఆనవాయితీ మేటకే గాని పట్టా చేనుకు కాదని మొత్తుకున్నాను. ఆ ఇసుకలో మా రైతు తాత కట్టించిన రాతిబావి తేలింది. "ఏరు జరుగుతది గని బాయి జరుగుతదా, హుజూర్? ఒక్కపారి అచ్చి సూడుండ్రి" అన్నాను. బావ రాలేదు. బామ్మర్ది పిలిస్తే పోయాడని లోకం అనుకుంటుందట! కేసు పోయింది. "ఇగ నేనేడికి పోవాలె, వకీల్ సాబ్?" అని రైతు కోర్టు మెట్ల మీద కూలబడ్డాడు. పై కోర్టుకు పోయే తాహతు లేక బెల్లంపల్లి బొగ్గుగనుల్లో పనికి పోయాడు.

బావ ఆదిలాబాద్‌లో జిల్లా జడ్జి అయ్యాడు, ఆపైన హైకోర్టుకెక్కాడు. అక్కడికి అలాంటిదే ఇంకో చేను తగాదా వస్తే నా వాక్యాన్ని చక్కటి ఇంగ్లీషులో పెట్టి, చేను అసలు రైతుకే ఇచ్చాడు. పత్రికలు ఆహా అన్నాయి. నేను బస్సెక్కి హైదరాబాద్ పోయి నిలదీశాను.

"బావా, గా బాయి మాట ఎవరిది?"

"నీదే. గప్పుడు నాకు సమజ్ కాలే. నీ రైతుకు నేనే అన్యాయం జేసిన. ఏడున్నడు గాయన?"

"బొగ్గు తవ్వుతుండు."

ఆయన చాయ్ ముట్టలేదు. అబద్ధమాడితే నాలుగు తిట్టి వద్దామని పోయినవాణ్ని, ఆ అవకాశమూ ఇవ్వలేదు. పశ్చాత్తాపం కూడా నాకంటే ఆయనకే బాగా నప్పింది!

బావ పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట నాదని ఇప్పుడు చెప్తే ముసలాడి గొప్పలంటారు. నా తరఫున సాక్ష్యం చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. కాలం పెద్ద కోర్టే గాని, సాక్షులను ముందు పంపించేసి కేసు తర్వాత వింటుంది.