మామ పంపిన పెట్టెలు

పోయిన నెల ఒక పొద్దున గువాహటి నుంచి ఫోను వచ్చింది. అవతలి మనిషి హిందీలో ఆగి ఆగి మాట్లాడాడు. “మీ మామయ్య ఇక లేరమ్మా. లేచి టీ అడిగారు. నేను తెచ్చేసరికి కుర్చీలో పక్కకు ఒరిగిపోయి ఉన్నారు.” ఆ తర్వాత మాట్లాడలేక ఏడ్చాడు. ఆయన మా మామను మొదటిసారి కళ్ళతో చూసింది అంతకు ముందురోజే.

మామ మా అమ్మకు తమ్ముడు. మెట్టుగూడలో మా పక్క వాటాలోనే ఉండేవాడు. విమానాల్లో సరుకు పంపే ఏజెంటు. బేగంపేటలో విమానాలు దిగే రోజుల్లో ఆ పని మొదలుపెట్టాడు. విమానాశ్రయం శంషాబాద్‌కు మారాక, బేగంపేట చుట్టూ దాన్ని నమ్ముకున్న టాక్సీవాళ్ళు, లాడ్జీలవాళ్ళు, టిఫిన్ బండ్లవాళ్ళు చాలామంది వేరే పనులు వెతుక్కున్నారు. మామ మాత్రం సికింద్రాబాద్‌లో ఇల్లు వదలకుండా, రోజూ ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాడు. డిగ్రీ అయ్యాక నేనూ ఆయన దగ్గరే పనిలో చేరాను.

అప్పటిదాకా విమానమంటే మనుషులు ఎక్కేది అనుకున్నాను. మొదటి రోజు శంషాబాద్‌లో సరుకు షెడ్డు చూపిస్తూ మామ అన్నాడు: “పైన కూసున్నోళ్లు కిటికీలకెళ్లి మబ్బులు సూస్తరు బిడ్డా. ఆళ్ల కాళ్ల కింద ఏమున్నదో ఎవ్వరికి తెల్వది. మన రోజీ గక్కడ్నే ఉన్నది.”

నిజంగా మా బతుకుదెరువు అక్కడే ఉంది. మందుల కంపెనీల డబ్బాలు, చేవెళ్ళ వైపు నుంచి గులాబీలు, యంత్రాల విడిభాగాలు, కోడిపిల్లలు. ఇంటి మీదుగా విమానం చప్పుడు వినిపిస్తే అది ఎక్కడికి పోతోందో మామ చెప్పేవాడు కాదు, దాంట్లో ఏం ఉందో చెప్పేవాడు. “ఢిల్లీ దాంట్ల ఇయ్యాల పూలున్నయ్. జెర లేటైనా ఖరాబే.” అన్నం తింటున్నవాడు ముద్ద ఆపి మరీ చెప్పేవాడు. “కంచంల చెయ్యి పెట్టుకొని గా ముచ్చట్లేందీ, తినరాదూ” అని అత్తమ్మ విసుక్కునేది.

అన్నిటికంటే ఆయనకు కోడిపిల్లల మీదే ధ్యాస. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలి ఉంటుంది. దాంతో అది రెండు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా బతుకుతుంది. అందుకే పుట్టిన రోజే విమానం ఎక్కిస్తారు. మేం పంపే పిల్లలు ఎక్కువగా గువాహటి వెళ్ళేవి. అక్కడ కోళ్ళు పెంచే ఆయన ఒక్క మామ మాట మీదే డబ్బు పంపి, తన షెడ్డులో పొట్టు పరిచి, బల్బులు వెలిగించి ఎదురుచూసేవాడు. ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఫోను స్నేహమే.

ఆ పిల్లలకు చిల్లులున్న అట్టపెట్టెలు కావాలి. తిరుమలగిరిలో ఒక అక్క, ఇంటి ముందు రేకులు వేసి, నలుగురు ఆడవాళ్ళతో అవి చేయించేది. పెట్టె అందుకోగానే మామ చిల్లుల్లో వేలు పెట్టి చూసేవాడు. ఎక్కడైనా అట్టముక్క అడ్డంగా మిగిలితే తనే తీసేవాడు. “మనకు సుత ముక్కు మూస్తే తెలుస్తది అక్కా, ఎంత తక్లీఫో” అంటే ఆమె నవ్వి, “నీ పిల్లలకు ఏసీ సుత పెట్టిస్త తీయ్” అనేది.

లాక్‌డౌన్ వచ్చిన వారం సంగతి చెప్పకుండా మామ గురించి చెప్పలేను.

విమానాలు ఆగుతాయని పుకార్లు అప్పటికే ఉన్నాయి. గుడ్లు పొదిగించే హేచరీవాళ్ళు పిల్లల్ని పంపాలా వద్దా అని అడిగారు. మామ కనుక్కున్నాడు. పొద్దున్న విమానం ఉందన్నారు. “తోలుండ్రి, పోతయ్” అని వాళ్ళకు చెప్పాడు. “పంపుతున్నా” అని గువాహటికీ చెప్పాడు. పెట్టెలు షెడ్డుకు చేరాక ఆ విమానం రద్దయింది. మర్నాటిది ఉందన్నారు, అదీ పోయింది. తర్వాత ప్రయాణికుల విమానాలన్నీ ఆపేశారు. మనుషులు ఎక్కని విమానం లేవదు, అది లేవకపోతే దాని కడుపులో వెళ్ళాల్సిన సరుకూ కదలదు. ఒకసారి బయటికి వచ్చిన పిల్లల్ని రోగాల భయంతో హేచరీ తిరిగి తీసుకోదు.

మామ ఒక వ్యాను మాట్లాడి పెట్టెలన్నీ యాప్రాల్ తెచ్చాడు. అక్కడ తెలిసినాయన ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంది. పెళ్ళిళ్ళు జరిగే ఆ హాల్లో నేల మీద పొట్టు పోసి, దొరికినన్ని బల్బులు వేలాడదీసి, పిల్లల్ని వదిలాం. షెడ్డు హమాలీలు ఇద్దరు, నేను, మామ. అప్పటికే అవి సొమ్మసిల్లి ఉన్నాయి. నూక తెచ్చి పోశాం, పళ్ళేల్లో నీళ్ళు పెట్టాం. చాలావాటికి నీళ్ళ దాకా నడిచే ఓపిక లేదు. మామ ఒక్కోదాన్ని ఎత్తి ముక్కు నీళ్ళలో ముంచేవాడు. అలా ఎన్నిటికని ముంచుతాడు?

మొదట హాలంతా కిచకిచ. మేం మాట్లాడుకునే మాట మాకే వినిపించేది కాదు. రెండో పొద్దుకు ఒకరి మాట ఒకరికి వినపడటం మొదలైంది. ఆ తేడా తెలిసి నలుగురమూ మాట్లాడటం మానేశాం.

హాలు వెనక హమాలీలు గొయ్యి తవ్వి, చచ్చినవాటిని సున్నం వేసి పూడ్చారు. బతికిన కాసిని పిల్లల్ని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తీసుకెళ్ళారు. మామ గువాహటికి ఫోను చేసి, “భాయ్, రావు” అని ఒక్క మాట చెప్పి నా చేతికి ఇచ్చేశాడు. అవతల ఆయన పిల్లల సంగతి అడగలేదు. “మీరంతా బాగున్నారా?” అన్నాడు.

ఆ తర్వాత మామ పాసు సంపాదించుకుని స్కూటరు మీద తిరిగాడు. హమాలీల ఇళ్ళకు, పూల రైతు దగ్గరకు, షెడ్డు పక్క క్యాంటీను నడిపే ఆయన దగ్గరకు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటే, “పని లేదనే మాట ఫోన్ల చెప్తరా బిడ్డా?” అన్నాడు. తిరుమలగిరి అక్క దగ్గరకు వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. చిల్లులు కొట్టిన అట్టలు గోడవారగా దొంతులుగా ఉన్నాయి.

“మల్ల ఎప్పుడు షురూ అయితయ్ తమ్మీ?” అని అడిగింది.

“తెల్వదక్కా. ఎప్పుడు లేస్తయో తెల్వది.”

“నాకు విమానంతోటి ఏం పని అనుకున్న ఇన్ని దినాలు. నేనెన్నడన్న ఎక్కిన్నా?” అని ఆమె అట్టల వైపు చూసింది. తన దగ్గర పనిచేసే నలుగురి పేర్లూ చెప్పి, వాళ్ళకు ఏం చెప్పాలని అడిగింది.

విమానాలు మళ్ళీ లేచాయి. హమాలీలు కొందరు తిరిగొచ్చారు. పూల రైతు మళ్ళీ పూలు వేశాడు. అక్క మాత్రం అట్టలు అమ్మేసి ఒక బడిలో ఆయాగా చేరింది. మామ పనిలోకి వచ్చాడు గానీ కోడిపిల్లల బుకింగు ఇక ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే వేరే ఏజెంటు నంబరు ఇచ్చేవాడు. భోజనం మధ్యలో విమానం చప్పుడు వినిపించినా తల ఎత్తేవాడు కాదు. అత్తమ్మే, “ఇయ్యాల దాంట్ల ఏమున్నయ్?” అని అడిగేది. “ఏవో ఉంటయ్” అనేవాడు.

గువాహటి ఆయన కోళ్ళ పని ఆ దెబ్బతో ఆగిపోయింది. ఇప్పుడు విమానాశ్రయం నుంచి హోటళ్ళకు ప్రయాణికుల్ని దింపే బండి నడుపుతున్నాడు. ఆయన్ని చూడాలని మామ ఏటా అనుకుని ఏటా మానుకునేవాడు. పోయిన నెల ఏమనుకున్నాడో, “ఒక్కసారి పోయొస్త” అని బయల్దేరాడు. నేను వస్తానంటే వద్దన్నాడు.

అక్కడేం జరిగిందో ఆ మనిషే నాకు చెప్పాడు. మామ భోజనానికి కూర్చోకముందే కోళ్ళ షెడ్డు చూపించమన్నాడట. ఖాళీ షెడ్డులో నిలబడి, “వస్తాయని చెప్పింది నేనే కదా” అన్నాడట. “విమానాన్ని మీరు ఆపలేదు భాయ్” అన్నాడట ఈయన. మామ ఆ మాట పట్టించుకోలేదు. రాత్రి కడుపునిండా చేపల కూర తిన్నాడు, ఈయన పిల్లలతో నవ్వుతూ మాట్లాడాడు. “నా మీద కోపమున్నదా?” అని పడుకునే ముందు అడిగాడట. “ఉండేది. మిమ్మల్ని చూశాక లేదు” అని ఈయన నిజమే చెప్పాడు. ఆ మాట మామ విన్నాడన్నదొక్కటే ఈ నెల రోజులుగా నాకున్న ఊరట.

మామను ఇంటికి తేవడానికి కావాల్సిన కాగితాలన్నీ నేను ఫోన్లో చెబుతుంటే ఆయన అక్కడ నింపాడు. “సరుకు వివరం అని ఉంది. ఏం రాయాలి?” అని అడిగాడు. ఎన్నో బుకింగులు చేసిన దాన్ని, ఆ గడిలో ఏం రాస్తారో నాకు తెలుసు. పక్కన కౌంటరు ఉద్యోగి మెల్లగా ఆ పదం చెప్పడం ఫోన్లో వినపడింది.

గువాహటి ఆయనా మామ వచ్చిన విమానంలోనే వచ్చాడు. శంషాబాద్ షెడ్డు దగ్గర మేమంతా నిలబడి ఉన్నాం. టీ డబ్బాల వెనక ట్రాలీ మీద పొడుగాటి పెట్టె వచ్చింది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అబ్బాయి ముందుకు రాబోతే పాత హమాలీ ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఒద్దు. మేమే పట్టుకుంటం.”

ఎనిమిది చేతులు పెట్టెను ఎత్తాయి. పెట్టెకు ముందు నడుస్తున్న ఇంకో హమాలీ ఆపమని చెయ్యి ఊపుతూ పోతుంటే ఒక్కో బెల్టూ ఆగింది, ఫోర్క్‌లిఫ్టులు ఆగాయి, పెద్ద ఫ్యాన్లు కూడా ఎవరో ఆపేశారు. అన్నేళ్ళు నేను ఆ షెడ్డులో పనిచేశాను. దాని రేకుల మీద వాన పడే చప్పుడు అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. బయట వాన ఎంతసేపటి నుంచి కురుస్తోందో తెలియదు. వాళ్ళు అడుగులో అడుగు వేసుకుంటూ ఆ చప్పుడు కిందుగా వస్తూనే ఉన్నారు.