చిన్నికి చీర కట్టించిన యాదక్క

భూపాలపల్లిలో మేముండే ఇంటి వెనక ఒక ఫంక్షన్ హాలుంది. పెళ్లిళ్ల రోజుల్లో పొద్దెక్కీ ఎక్కకముందే అక్కడి నుంచి బగారన్నం వాసన మా వంటింట్లోకి వచ్చేస్తుంది. షాజీరా, పుదీన, వేగిన ఉల్లిగడ్డ. వాసన పట్టి వండినవాళ్లు తొందరపడ్డారో లేదో చెప్పొచ్చని యాదక్క అనేది. నాకు ఆ విద్య రాలేదు. ఆ వాసన తగిలినప్పుడు ఆమె గొంతు మాత్రం చెవిలో పడుతుంది. అదేమీ వినసొంపైన గొంతు కాదు. మూడిళ్ల అవతలి మనిషిని ఫోను లేకుండానే పిలవగల గొంతు.

జనగామలో మేము అద్దెకున్నప్పుడు ఆమె పక్క వాటాలో ఉండేది. ఫంక్షన్లకు వంటలు చేసేది. మనిషి పొట్టి, నోరు పెద్దది. మా ఇంట్లోంచి అల్లం దంచే రోలు తీసుకుపోయి నెలల తరబడి ఇవ్వకపోగా, అడిగితే "నీ రోలు నేనేమన్న మింగిన్నా?" అని ఎదురు తిరిగేది. మొదట్లో ఆమెకూ నాకూ పొసగలేదు. ఆమె మా ఇంటికి వచ్చేదే మా పాపతో ముచ్చట పెట్టడానికి.

పాప పేరు వర్షిణి. ఇంట్లో చిన్ని అంటాం. పుట్టిన వేళ ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలింది. దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని మాకు తెలిసేసరికి రెండో ఏడు నడుస్తోంది. మెడ నిలిచేది కాదు, చేతులు బిగుసుకుపోయేవి, మాటకు బదులు ఒక శబ్దం వచ్చేది. తెలివి మాత్రం బాగానే ఉంది. తనకు నచ్చని కూరేదో గిన్నె మూత తీయకముందే పసిగట్టి మొహం తిప్పుకునేది. హనుమకొండలో ఒక ఫిజియోథెరపీ సెంటరుకు విడవకుండా తీసుకెళితే మెల్లగా కూర్చోగలుగుతుందని డాక్టరు చెప్పారు. మధ్యలో ఆపితే కండరాలు మళ్లీ బిగుసుకుంటాయని కూడా చెప్పారు. నన్ను పట్టుకున్నది ఆ రెండో మాటే.

మా ఆయన ఇళ్లకు కరెంటు పనులు చేసేవాడు. నేను డిగ్రీ చదివి ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. పాపకు పింఛను వచ్చేది గానీ అది దారి ఖర్చులకే చాలేది. నా పుస్తెలతాడు కుదువకు పోయింది. ఆ తర్వాత సాయం కోసం తిరగడం మొదలుపెట్టాం. ఒక ట్రస్టు వాళ్లు ఆపరేషన్లకైతేనే ఇస్తామన్నారు. ఒక లీడరు మనిషి సర్కారు సాయానికి లెటరు ఇప్పిస్తానని రెండు ఎండాకాలాలు తిప్పుకున్నాడు. థెరపీ ఒకసారి చేయిస్తే అయిపోయే పని కాదు కాబట్టి అది ఎవరికీ తలకెక్కేది కాదు. "ఇంకెన్ని రోజులు?" అని అడిగేవారు. చిన్నికి ఏడో ఏడు నడుస్తుండగా వానాకాలం మొదట్లో సెంటరుకు పోవడం మానేశాం. కొన్నాళ్లకే చిన్ని కుడిచేతి పిడికిలి విప్పడం లేదని గమనించాను.

అప్పుడే ఎవరో పంపిస్తే, యూట్యూబులో వీడియోలు పెట్టే ఒకాయన ఇంటికి వచ్చాడు. వీడియో చూసి దాతలు డబ్బు పంపుతారట. మనిషి మంచివాడే, చెప్పులు బయట విడిచి వచ్చాడు. పాప జడలకున్న రిబ్బన్లు తీసేయమన్నాడు. గౌను మార్చి పాతది వేయమన్నాడు. నన్ను కొంచెం ఏడవమన్నాడు. నాకు ఏడుపు రాలేదు. రిబ్బన్లు విప్పుతుంటే యాదక్క ఏదో అడుక్కుపోవడానికి లోపలికి వచ్చింది.

"ఏందే స్వరూపా, పిల్ల ముస్తాబు ఎందుకు ఇప్పుతున్నవ్?"

సంగతి చెప్పాను. ఆమె అతని వైపు తిరిగింది.

"ఓ అన్నా, రిబ్బన్లుంటే పైసలు రావా?"

"చూసేటోళ్లకు జాలి కలగాలె గదక్కా," అన్నాడతను. అబద్ధమేమీ చెప్పలేదు.

"జాలి ఎన్ని దినాలుంటదయ్యా? పిల్ల ఇంక శాన దినాలు బతకాలె. కూసో, చాయ తాగి పో."

చాయ నేనే పెట్టాల్సి వచ్చింది. అతను తాగి, వీడియో తీయకుండానే కెమెరా సర్దుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నోటి దగ్గరి కూడు కాలదన్నావని యాదక్క మీద అరిచాను. ఆమె గడప మీద కూర్చుని అంతా విన్నది. నేను అలిసిపోయాక అడిగింది.

"మీ ఆడబిడ్డ బిడ్డకు చీరలు కట్టిచ్చిననాడు ఏం పెట్టినవ్?"

ఈ ప్రశ్నకూ నా బాధకూ ఏం సంబంధమో తెలియలేదు. బంగారు కమ్మలు పెట్టామని చెప్పాను. మీ బావ కొత్తింటికి? మీ పెద్దనాయిన మనుమరాలి ఇరవైయొకటో దినానికి? మీ పాలోళ్ల పిలగాని పంచెలకు? ఆమె అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.

"మరి గిన్ని ఇండ్లల్ల పెట్టినవ్ గదా. నీ ఇంట్ల ఎవ్వలన్న పెట్టిన్రా?"

"మేమేం ఫంక్షన్ చేసినమని పెడ్తరక్కా?"

"గదే అడుగుతున్న. ఎందుకు చెయ్యలే?"

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా దిక్కు ఆడపిల్ల పెద్దమనిషి కాకముందే, బేసి ఏడు చూసి, మేనమామ చీర తెచ్చి కట్టిస్తాడు. మగపిల్లలకైతే పంచెలు. చుట్టాలంతా అక్షింతలు వేసి, డబ్బో వస్తువో పెట్టి కట్నం చదివిస్తారు. ఇవాళ నా ఇంట్లో నువ్వు పెడితే రేపు నీ ఇంట్లో నేను పెట్టాలి. ఎగ్గొట్టినవాళ్ల పేరు పది ఊళ్లకు పాకుతుంది. చిన్నికి ఇరవైయొకటో దినం తొట్టెలలో వేసే వేడుక చేయలేదు, అప్పుడు దవాఖానలో ఉంది. పుట్టువెంట్రుకలు గుట్టుగా తీయించాం. ముందు ముందు పెళ్లి మాట ఎవరూ ఎత్తరు. అంటే మా చేతి నుంచి పోయిందే గానీ వచ్చేది ఎప్పటికీ లేదు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లన్నింట్లో ఇదే తీరు. ఇందులో ఎవరి మోసమూ లేదు. మేమే భోజనాల బంతిలోంచి లేచి పక్కన నిలబడ్డాం.

"ట్రస్టోళ్లు నీకు అక్కలా చెల్లెండ్లా? సుట్టాలుండంగ ఊరోళ్లను అడుగుడేంది? పిల్లకు చీర కట్టియ్యి. పెట్టినోళ్లకు పెడ్తరు. గిది అడుక్కునుడు కాదు," అంది యాదక్క.

మా అత్తమ్మది గూడూరు దగ్గర పల్లె. సంగతి వినగానే "నలుగుట్ల పిల్లను కూసోబెట్టి నవ్వులపాలైతమా?" అంది. మా ఆయన ఎటూ చెప్పలేదు. నెల్లికుదురులో ఉన్న నా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు సంగతంతా విన్నాడు. తర్వాత "ఏ రంగు చీర తేవాలె అక్కా?" అన్నాడు. ఫోను పెట్టేసి గట్టిగా ఏడ్చాను. కెమెరా ముందు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ఇక యాదక్క పెత్తనం మొదలైంది. టెంటు ఇంటి ముందే. డీజే లేదు. మందు లేదు. మటన్ పెట్టకపోతే మర్యాద పోతుందని మా బావ అంటే, "మర్యాద ఎవ్వలింట్ల వాళ్లు వండుకొని తినుండ్రి. గీడ కోడికూర, బగార, పచ్చిపులుసు. సీసా కనవడితే పొయ్యి ఆర్పి పోత," అంది. ఒక్క ఖర్చు మాత్రం పట్టుబట్టి పెట్టించింది. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ, దాని నిండా చిన్ని నవ్వు మొహం. మా చుట్టాల్లో సగం మంది ఆ మొహాన్ని అదివరకు ఫొటోలో కూడా చూసి ఉండరు.

తన కూలి మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు. "జర తక్కువ చేసుకో అక్కా, తెలిసినదానివి," అన్నాను.

"ఫ్రీగ వండితే రేపటి సంది నన్ను చూసి తలకాయ దించుకుంటవ్. కూలి కూలే," అంది.

జనం అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. కమ్మలు తీసుకున్న ఆడబిడ్డ రాలేదు, అది వేరే కథ. తీరా టైముకు మా అత్తమ్మ గది తలుపు దగ్గరికి వేసింది. పిల్లకు చొంగ కారుతోంది, చప్పుడుకు బెదురుతుంది, పిల్లను లోపలే ఉంచి, చీర ఒంటికి తాకించి అదొక్కటే బయటికి తీసుకుపోదాం అంది. నాకూ అదే నయమనిపించింది. బయట భోజనాల వేళ దాటిపోతోంది, వడ్డన మొదలవడం లేదు. మా ఆయన పొయ్యి దగ్గరికి వెళ్లి అడిగితే యాదక్క గంటె కింద పెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఫ్లెక్సీ మీదున్న పిల్ల ఏది? పిల్ల వచ్చి కుర్చీల కూసున్నంకనే కూర దించుత."

ఆకలి మీదున్న చుట్టాలంతా మా గుమ్మం వైపు తిరిగారు. తమ్ముడు లోపలికి వచ్చి, ఎవరినీ అడగకుండా చిన్నిని ఎత్తుకుపోయాడు. జారిపోకుండా నడుమును చున్నీతో కుర్చీకి కట్టి, దాని మీదుగా ఆకుపచ్చ చీర చుట్టాం. చొంగ కారింది, తమ్ముడు తుడిచాడు. ఎవరూ నవ్వలేదు. మా మేనత్త ఒకావిడ దగ్గరికి వచ్చి చూసి "అచ్చం నీ పోలికేనే," అంది. నా బిడ్డకు నా పోలిక ఉందని అంతవరకూ ఎవరూ నాతో అనలేదు.

కట్నాలు రాసే ఆయన మైకులో "చిరంజీవి వర్షిణికి" అంటూ ఒక్కొక్కరి పేరూ చదివాడు. ఆ పేరు మైకులో పలికిన ప్రతిసారీ చిన్ని కిలకిలా నవ్వింది. యాదక్క కూడా చేతులు కడుక్కుని వచ్చి అందరిలాగే చదివించింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఆ డబ్బుతో థెరపీ మళ్లీ మొదలైంది, పుస్తెలతాడు కుదువలోనే ఉండిపోయింది. అంతకంటే పనికొచ్చింది మరొకటి ఉంది. చిన్నిని చూసినవాళ్లు ఆ తర్వాత దాన్ని మరిచిపోలేకపోయారు. తమ్ముడు కొన్ని నెలల ఫీజు కట్టాడు. మటన్ కోసం అలిగిన బావే ఫీజు కట్టే ఇంకో మనిషిని పట్టుకొచ్చాడు. చిన్ని నడవలేదు. నడుస్తుందని ఎవరూ చెప్పనూ లేదు. ఇప్పుడు ఆసరా లేకుండా కూర్చుంటుంది, చెంచా పట్టుకుంటుంది, కుడి పిడికిలి తెరుచుకుంది. మా ఆయనకు ఇక్కడ భూపాలపల్లిలో కాంట్రాక్టు పని దొరికి మేము వచ్చేశాక యాదక్క గుండెపోటుతో పోయింది. నాకు ఆమె మీద ఉన్నది ప్రేమే. ఉన్నన్నాళ్లూ పోట్లాడటంతోనే సరిపోయి ఆ మాట అనలేదు.

మొన్న ఇక్కడి దవాఖాన బల్ల మీద నా పక్కన టేకుమట్ల నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. కొడుకు తల ఆమె భుజం మీద వాలి ఉంది. చిన్నిని చూసి, ఏదన్నా ట్రస్టు తెలుసా అని అడిగింది. తెలిసినవి చెప్పాను. చెప్పాలి కూడా. తర్వాత బాబుకు ఎన్నో ఏడని అడిగాను. తొమ్మిది పడిందంది.

"పంచెలు కట్టించారా?"

ఎగతాళి చేస్తున్నానేమో అన్నట్టు చూసింది. అప్పుడు చిన్ని చీరకట్టు సంగతి మొత్తం చెప్పాను. ఆమె బాబు మూతి కొంగుతో తుడిచింది.

"గిసొంటి పిలగానికి చేస్తే సుట్టాలు వస్తరా అక్కా?"

"వాళ్ల పిల్లలకు చేసినప్పుడు మీరు పోలేదా?"

"పోయినం," అంది. "ఒక్కటి కూడ ఇడువకుంట పోయినం."