కరకట్ట మీద రాహేలు టీచరుగారు

వాన వెలిసిన పొద్దున ఏటి ఒడ్డున ఒండ్రుమట్టి వాసన వస్తుంది చూడండి, అది ముక్కుకు తగిలితే చాలు, ఈ ముసలి కాళ్ళకు ఎక్కడలేని హుషారూ వస్తుంది. డాక్టరు నడవమన్నాడని మా మనవరాలు రోజూ నన్ను కరకట్ట మీదికి తీసుకొస్తుంది. ఎత్తుపల్లాలు లేని దారి, ఆయాసం తెలియని దారి. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క కృష్ణలంక ఇళ్ళు. "ఇక్కడ చూడటానికేముంది అమ్మమ్మా, అలా నిలబడిపోతావు?" అంటుంది పిల్ల. నాకు ముందర ఒక పొడుగాటి మనిషి నడుస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ పేరు రాహేలు టీచరుగారు. ఆవిడే లేకపోతే నా చదువు మూడో ఫారంలోనే, అంటే ఎనిమిదో తరగతిలోనే ముగిసిపోయేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మాది నేత కుటుంబం. నాన్న మగ్గాలవాళ్ళకు నూలు ఇచ్చి, నేసిన చీరలు బెజవాడ బజారులో అమ్మేవారు. మా ఇల్లు కృష్ణలంక చివర, ఆడపిల్లల బడికి ఎగువన, ఆనకట్ట వైపు. పరదా కట్టిన గూడుబండిలో మా పేట పిల్లలం అయిదారుగురం బడికి వెళ్ళేవాళ్ళం. ఉన్నట్టుండి బండి తోలే అబ్బాయి స్టేషనులో మిలటరీ సరుకు తోలడానికి వెళ్ళిపోయాడు. బందరు రోడ్డు నిండా లారీలు, సోల్జర్లు. ఆ దారిన ఆడపిల్లలు నడిచి వెళ్ళడమా? నాన్న ఒక్క మాటలో తేల్చేశారు. "ఈపాటి చదువు చాల్లేమ్మా. ఇంట్లో కూచుని నూలు కండెలు చుట్టుకో." నాకు బడంటే ప్రాణం. అన్నం ముందు కూచుని ఏడుస్తుంటే మా నాయనమ్మ, "కలెక్టరు ఉద్యోగం ఊడినట్టు ఏడుస్తోంది చూడు" అంది.

రెండు రోజులు బడికి పోకపోయేసరికి రాహేలు టీచరుగారు మా గుమ్మంలో నిలబడ్డారు. మాకు లెక్కలు చెప్పేవారు. మా వెనక వీధిలోనే ఉండేవారు. ఎండుపుల్లలాంటి మనిషి, తెల్లచీర, చేతిలో గొడుగు.

"రోడ్డెందుకండీ? కరకట్ట మీద నుంచి నేను తీసుకెళ్తాను. నేను రోజూ నడిచే దారే."

"కట్ట మీదా?" నాన్న బెదిరిపోయారు. "అక్కడంతా రేవులూ, పడవలోళ్ళూ. ఆడపిల్లల్ని చూసి ఎవడేమన్నా అంటేనో?"

"ముందు నాతో అనాలి కదండీ."

నాన్న ఆవిడ వంకా, ఆ గొడుగు వంకా చూశారు. "నెలాఖరు దాకా చూస్తాను టీచరుగారూ. ఒక్క మాట నా చెవిన పడిందా, మాన్పించేస్తాను" అన్నారు.

మర్నాటి నుంచి నడక మొదలైంది. మేము తలలు వంచుకుని, పుస్తకాలు గుండెలకు హత్తుకుని గొర్రెల్లా వెళ్తుంటే ఆవిడ ఆగిపోయారు. "నేల మీదేం పారేసుకున్నారే? తలలెత్తండి. ఎదురొచ్చిన వాళ్ళని వరస పెట్టి పలకరించండి."

"వాళ్ళెవరో మనకి తెలీదు కదండీ?" అన్నాను.

"అందుకేగా పలకరించమంటున్నది."

రేవులో బట్టలుతికే నూకాలమ్మను "బాగున్నావా అత్తా?" అని నేనే మొదట పిలిచాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసుకుంది, ఇంకెవరినో అనుకుని. పడవ వేసే సూరయ్య మాకు బాబాయి అయ్యాడు. ఇసుకలో దోసపాదులు పెట్టుకున్న ముసలాయన తాతయ్య అయ్యాడు. పది రోజులు తిరక్కుండానే, ఎవరైనా పిల్ల రాకపోతే నూకాలమ్మ అడిగేది: "ఇయ్యాల ఒకమ్మాయి తగ్గిందేంటండీ టీచరమ్మగారూ, ఒంట్లో బాగోలేదా?" ఈ సంగతులన్నీ ఇంటికొచ్చి సంబరంగా వాగాను. నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. "దారిన పోయేవాళ్ళంతా దీనికి అత్తలూ బాబాయిలూనట. విన్నావురా?" నాన్న మొహం ముడుచుకుపోయింది. ఇంకేముంది, చదువు అయిపోయిందనుకున్నాను.

మర్నాడు నాన్న దుకాణానికి వెళ్తున్నానని చెప్పి, మా వెనకాలే కట్ట ఎక్కారు. మాకు తెలియదు. తలకు తువ్వాలు చుట్టుకుని, మేము ఆగితే తుమ్మచెట్ల చాటున ఆగుతూ వచ్చారట. రేవు దాటామో లేదో వెనక నుంచి నూకాలమ్మ గొంతు ఖంగుమంది.

"ఎవరయ్యా నువ్వు? ఆడపిల్లల ఎనకాల పడ్డావేంటి?"

తిరిగి చూస్తే నడుముకు తడిచీర బిగించి ఆవిడ దారికడ్డంగా నిలబడి ఉంది. సూరయ్య గడకర్రతో ఒడ్డెక్కి వస్తున్నాడు. నాన్న తువ్వాలు తీసి, "నేను ఆ పిల్ల నాన్ననమ్మా" అన్నారు.

"నాన్నవైతే నక్కి నక్కి నడవడమెందుకు? పక్కన నడవొచ్చుగా."

నేను వెనక్కి పరిగెత్తాను. "మా నాన్నే అత్తా" అన్నాను. టీచరుగారు నవ్వు దాచుకోవడానికి గొడుగు తెరిచారు. నాన్న వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆ రోజంతా బడిలో నాకు ఒక్క లెక్కా ఎక్కలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న చెప్పులు వేసుకుని, "పద" అన్నారు. రేవు దాకా నా పక్కనే నడిచారు. అక్కడ ఆగి, గొంతు సవరించుకుని, "చెల్లెమ్మా, పిల్లల్ని కాస్త చూస్తుండు" అని నూకాలమ్మకు చెప్పి దుకాణానికి వెళ్ళారు. నా కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు.

ఆ హుషారులో టీచరుగారిని అడిగాను, దారిలో అందరినీ పలకరించే ఈ ఉపాయం మీకు ఎవరు చెప్పారండీ అని.

"ఎవరు చెప్తారమ్మా. నా చిన్నప్పుడు ఈ దారిన ఒక్కదాన్నే బడికెళ్ళేదాన్ని. తలెత్తితే తప్పు. అడుగడుక్కీ భయం. ఎవరైనా ఒక్కళ్ళు 'ఎక్కడికమ్మా' అంటే బాగుణ్ణనిపించేది. ఒక్కళ్ళూ అనలేదు." అంతే చెప్పి, గబగబా ముందుకు నడిచారు.

నేనూ పంతులమ్మనయ్యాను. ఉయ్యూరులోనూ, కంకిపాడులోనూ ఎంతమంది తండ్రులు వచ్చి, దారి మంచిది కాదండీ, పిల్లను మాన్పిస్తాం అన్నారో. "పదండి, నడిచి చూద్దాం" అనేదాన్ని. కొందరు పిల్లలు బడికి దక్కారు, కొందరు దక్కలేదు. దక్కనివాళ్ళ పేర్లే ఎక్కువ గుర్తున్నాయి. అందుకే ఏ దారిలోనైనా సరే, పుస్తకాలు హత్తుకుని నేల చూపులతో ఒక్కత్తే వెళ్ళే పిల్ల కనపడితే నాకు ఊరుకోబుద్ధి కాదు. "ఎక్కడికమ్మా, బడికేనా?" అంటాను. ఆ పిల్ల తలెత్తుతుంది.