బీడులో దిగ్గొట్టిన రింగులు

మాడుగులపల్లి దగ్గర మా ఊరి బీడు నేలలో ఎవరో నాలుగు ఇనుప రింగులు దిగ్గొట్టి పోయారు. వాటిని చూసిన రోజు మా నాయిన గొర్రెలను మధ్యాహ్నానికే ఇంటికి తోలుకొచ్చాడు.

"సున్నపురాయి కోసమే బిడ్డా. మేళ్లచెరువు దిక్కు సిమెంటు కంపెనీలు గిట్లనే మొదలైనయట."

వాటిని పెట్టింది కోదాడ నుంచి వచ్చే ఒక పరిశోధకురాలు. గడ్డి ఎంత కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందో, ఎంత వదులుతుందో కొలుస్తానంది. మిర్యాలగూడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే నేను కూడా నమ్మలేదు. గడ్డి ఊపిరి కోసం ఇంత దూరం ఎవరొస్తారు? మిర్యాలగూడలో రెవెన్యూ ఆఫీసుకు వెళ్లి అడిగాను. అనుమతి ఉందన్నారు. గనులకూ అనుమతులు అలాగే వస్తాయి కదా, దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

వారం తిరక్కుండానే రింగులు మాయమయ్యాయి. ఆమె వచ్చి అడిగితే నాయిన "మాకేమెరుక?" అన్నాడు. ఆ సాయంత్రం దొడ్డి ఊడుస్తుంటే మేత కుప్ప కింద అవి నా చేతికి తగిలాయి.

"నేనే పీకిన. అయితే ఏంది?"

"దాస్తే ఏం తెలుస్తది నాయినా? ముంగటనే కొలిచి సూపెట్టుమందాం."

మర్నాడు ఆమెను పిలిచాను. రింగులు చూసి ఆమె తన సామాన్ల పెట్టెను మా నుంచి దూరంగా జరుపుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఒక రింగును మళ్లీ గడ్డి చుట్టూ దిగ్గొట్టి, దాని మీద పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా బోర్లించింది. డబ్బాకు తగిలించిన మీటరులో కార్బన్ డయాక్సైడ్ అంకె తగ్గసాగింది.

"ఎండలో ఆ గాలిని గడ్డి లోపలికి తీసుకుంటోంది బాబాయ్." డబ్బా మీద నల్లగుడ్డ కప్పింది. అంకె పెరిగింది. "వెలుతురు లేకపోతే గడ్డీ, నేలా వదులుతాయి."

"గుడ్డ కింద ఏదో నొక్కుతున్నవ్. జర పక్కకు జరుగమ్మా."

గుడ్డ నాయినే తీశాడు, తనే కప్పాడు. డబ్బాను గడ్డి లేని బండరాయి మీద పెట్టించాడు. అక్కడ అంకె దాదాపు కదల్లేదు. అప్పుడు అసలు మాట అడిగాడు.

"గొర్రెలు గడ్డి మేస్తున్నయి, గాలి ఖరాబైతున్నదని రాస్తవా? మమ్ముల బీడుకెల్లి ఎల్లగొడతరా?"

ఆమె మీటరు కింద పెట్టింది. "అలా తేలితే రాయాల్సిందే బాబాయ్. మేపితేనే గడ్డి బాగుందని తేలితే అదీ రాస్తాను."

నాయిన సుత్తి అడిగి తీసుకున్నాడు. రెండు రింగులు గొర్రెలు మేసే చోట, మరో రెండు, అవి రాకుండా ముళ్లకంప అడ్డం వేసిన చోట, తనే దిగ్గొట్టాడు.

రెండేళ్లు ఆమె వానల్లోనూ ఎండల్లోనూ వచ్చింది. చివరికి ఇంటికొచ్చి చెప్పింది. వానలప్పుడు గడ్డి వదిలేదానికన్నా తీసుకునేదే ఎక్కువట. ఎండాకాలం అది తలకిందులవుతుందట. మేసిన చోటుకూ మేయని చోటుకూ పెద్ద తేడా కనిపించలేదట. "ఒక్క బీడు చూసి ఖాయంగా చెప్పలేను" అంది.

ఆమె వెళ్లాక నాయిన నాతో అన్నాడు: "తెల్వనిది తెల్వదన్నది సూడు. గందుకే నమ్మిన."

నేను మాత్రం ఆమె రిపోర్టు వచ్చాక, ఎక్కడైనా సున్నపురాయి మాట ఉందేమోనని ప్రతి వాక్యం రెండుసార్లు చదివాను.