ఓబులేసు తడిచెయ్యి

ఏ సాఫ్ట్‌వేర్ చూపించినా ఓబులేసు ముందు నీళ్ల గ్లాసులో చెయ్యి ముంచుతాడు. ఆ తడి వేళ్లతోనే నొక్కి చూసి, "వద్దప్పా" అంటాడు. ఈ జబ్బుకు మందు లేదని హిందూపురంలోని వాళ్ల ఆఫీసు ఎప్పుడో తేల్చేసింది.

వాళ్లది పట్టుగూళ్ల నుంచి దారం తీసే మిషన్లు తయారుచేసే కంపెనీ. మిషన్ మీది స్టిక్కర్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే, దాన్ని ఎలా నడపాలో, ఇరుక్కుంటే ఏం చెయ్యాలో చెప్పే పేజీలు తెరుచుకుంటాయి. వాటిని రాసేది ఓబులేసు, ఝాన్సీ. రాసే సాఫ్ట్‌వేర్ పాతబడింది, కొత్తది ఎంచండని ఓనరు రామచంద్ర చెప్పి ఏడాది కావస్తోంది.

బెంగుళూరు నుంచి ఒకాయన సూటేసుకుని వచ్చి గంటసేపు తన సరుకును పొగిడాడు. ఓబులేసు బుద్ధిగా విని, ఆయన ఫోన్ అందుకుని తడిచెయ్యి పెట్టాడు. పేజీ దయ్యం పట్టినట్టు పైకీ కిందికీ ఎగిరింది. ఆయన కర్చీఫుతో ఫోన్ తుడుచుకుంటూ, టీ కూడా తాగకుండా బస్సెక్కాడు. ఓబులేసు చేతి చలవ వల్ల అప్పటికే ఆఫీసులో సగం కీబోర్డులు కాలం చేశాయి.

ఝాన్సీకి మాత్రం నవ్వు రావడం మానేసింది. సోమవారంలోగా తేల్చకపోతే పని బెంగుళూరు వాళ్లకిచ్చి ఇద్దరినీ ఇంటికి పంపిస్తానన్నాడు రామచంద్ర. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఈ మనిషి చాదస్తం తన నోట్లో మట్టి కొట్టేలా ఉందని కడుపు మండి, ఈ తడిచెయ్యి గోల ఎందుకని శుక్రవారం మొహం మీదే అడిగేసింది. ఓబులేసు ఆమెను పరిగి బస్సెక్కించాడు.

పరిగిలో దారం తీసే షెడ్డు నిండా ఆవిరి, ఉడికిన గూళ్ల కంపు. వేడినీళ్ల తొట్టి ముందు దారం తీసే మారక్క కూర్చుని ఉంది. ఆమె కుడిచేతికి రెండు వేళ్లు లేవు. పోయినేడు చెయ్యి మిషన్లో ఇరుక్కుంటే, విడిపించే పద్ధతి కోసం పక్కనున్నామె ఫోన్ తీసింది. పొద్దంతా నీళ్లలో నానిన వేలికి పేజీ తెరుచుకోలేదు.

"ఈ మాట సార్‌కు చెప్పొచ్చు గదన్నా?" అంది ఝాన్సీ.

"చెప్తే సార్ పోయి ఈ షెడ్డు ఓనరాయప్పను అడుగుతాడు. వేళ్లు ఇంట్లో తెగినాయని చెప్తేనే పనిలో ఉండనిస్తానన్యాడు ఆయప్ప. మారక్క నోరు జారిందని తెలిస్తే తీసేస్తాడు. నన్నేముంది పాపా, పిచ్చోడంటారు, అంతే గదా."

మిగిలిన రెండు సాఫ్ట్‌వేర్లతో చేసిన పేజీలను అతను మారక్క ముందు పెట్టాడు. ముచ్చటగా ఉన్నది ఆమె వేలికి కదల్లేదు. రెండోది చూస్తేనే చీదర, తెర నిండా ఒకే ఎర్ర బటను. మారక్క తడి మణికట్టుతో తాకింది. చెయ్యి ఎలా విడిపించాలో ఫోన్ తెలుగులో గట్టిగా చదివింది.

మారక్క చివరిదాకా వింది. "ఈ గొంతు ఆ పొద్దు యాడుండెనబ్బా," అంది నెమ్మదిగా. ఝాన్సీకి ఏడుపొచ్చి బయటికి నడిచింది.

సోమవారం రామచంద్ర ఆ ఎర్ర బటను చూసి మొహం చిట్లించాడు. ఇంత వికారమైనదాన్ని ఏం చూసి ఎంచారని అడిగాడు.

"నాకు ఎరుపంటే పిచ్చి సార్," అంది ఝాన్సీ.

ఒక్కడితోనే వేగలేక చస్తుంటే ఇంకొకతె తయారైందని గొణుక్కుంటూ రామచంద్ర సంతకం పెట్టాడు.