చూడకముందే రాసిన సున్నా

కనకమామిడి దగ్గరి చామంతి చేను గట్టు మీద మా దళం దిగింది ఒక డిసెంబర్ సోమవారం, ఉదయం ఐదు గంటల యాభై నిమిషాలకు. దళం అంటే భయపడకండి. ముగ్గురం. వారెంట్ ఆఫీసర్, రేడియో ఆపరేటర్, నేను. సామాను మాత్రం ముప్పై మందికి సరిపోయేంత. గుడారం ఒకటి. మడత మంచాలు మూడు. దూడంత బరువున్న రేడియో ఒకటి. మూడు కాళ్ల దుర్భిణి ఒకటి. ఎర్ర జెండా ఒకటి. టీ పొడి నాలుగు కిలోలు. ఆ చలికి నా మీసం తనంతట తానే లేచి సెల్యూట్ కొట్టింది.

వాయుసేనలో పందొమ్మిదేళ్లు చేశాను. మంచులో చేశాను, ఎడారిలో చేశాను. ఆఖరి డ్యూటీ వచ్చి మొయినాబాద్ మండలంలో పడింది. చేవెళ్లలో మా ఆవిడ పోపు వేస్తే, గాలి ఇటు తిరిగినప్పుడు నాకు తుమ్ము వచ్చేది. అయినా ఇంటికి వెళ్లే వీల్లేదు. ఆరు వారాలు గుడారంలోనే.

పని ఏమిటో చెబుతాను. మాకు రెండు కిలోమీటర్ల అవతల రన్‌వే ఉంది. దాని పేరు ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను. షేర్ ఆటోల వాళ్లు మాత్రం ఆ పేరే అరిచి జనాన్ని ఎక్కించుకునేవాళ్లు. మబ్బులో దారి కనపడనప్పుడు విమానం నేల నుంచి వచ్చే రేడియో కిరణాన్ని పట్టుకుని దిగుతుంది. ఆ కిరణం వెంట నడిపేది ఆటోపైలట్. పైలట్ చేతులు ఒళ్లో పెట్టుకుని ముందున్న డయళ్ల ముళ్లు చూస్తుంటాడు. కొత్త ఆటోపైలట్ బిగించిన ఒక రవాణా విమానం రోజుకు ఆరుసార్లు అలా దిగివచ్చి, రన్‌వే తాకకుండా మళ్లీ లేచిపోయేది. మా చేను దగ్గర అది నూట ఇరవై మీటర్ల ఎత్తులో ఉండాలి. దుర్భిణిని ఆ ఎత్తుకు ముందే బిగించి ఉంచేవాళ్లం. లోపల ఒక అడ్డగీత. విమానం ఆ గీత మీద పోతే నేను రేడియోలో ‘గీత మీదే’ అనాలి. కిందికి జారితే ‘కిందికి ఉంది, లేవండి’ అనాలి. తర్వాత ఎన్ని మీటర్ల తేడానో కాగితంలో రాయాలి. అంతే. ఈ రెండు మాటల కోసం వాయుసేన నన్ను పందొమ్మిదేళ్లు మేపింది.

చేలో పూలు కోయడానికి పద్నాలుగు మంది ఆడవాళ్లు వచ్చేవారు. పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి ఆరున్నరకల్లా ఆటోల్లో దిగేవారు. మొదటి రోజు విమానం రాగానే బుట్టలు పారేసి గట్టు అవతలికి పరుగెత్తారు. రెండో రోజూ అంతే. పూలన్నీ కాళ్ల కింద పడుతున్నాయని రైతు తల పట్టుకున్నాడు. అప్పుడు నేను మీసం దువ్వాను.

“జర ఫికర్ చెయ్యకుండ్రి అవ్వా. నా కన్ను దాటి ఆ ఇమానం జానెడు సుత కిందికి రాదు. వచ్చిందనుకో, గీ ఎర్ర జెండ లేపుత. జెండ లేస్తేనే ఉరుకుండ్రి.”

అలా చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ జెండా నిజానికి గుడారం తాళ్లు ఎవరి కాళ్లకూ తగలకుండా గుర్తుకు కట్టమని ఇచ్చింది. గుంపుకు పెద్ద సుగుణమ్మ. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నీ కన్ను మీద మా పానాలు పెట్టుమంటవ్. మరి నీకు నిద్ర రాదా సారూ?”

పందొమ్మిదేళ్లుగా నిద్ర అంటే ఏమిటో తెలియదని చెప్పాను. అందరూ నవ్వారు. ఎస్తేరమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు వినపడదు. అరవై దాటిన మనిషి. ఎప్పుడో జ్వరం వచ్చి చెవులు పోయాయట. సుగుణమ్మ చేతులతో ఆమెకు అంతా చెప్పింది. విమానం, సారు, జెండా. ఎస్తేరమ్మ రెండుసార్లు అడిగి తెలుసుకుంది. నా వైపు చూసి తల ఊపింది. మిగతావాళ్లు ఇంజన్ మోత వింటే తల ఎత్తేవారు. ఆమెకు మోత లేదు. అందుకని నాలుగు పూలు కోసి ఒకసారి నా వైపు చూసేది. జెండా లేవకపోతే మళ్లీ వంగేది.

ఆ ఆటోపైలట్ ముందు రైలు పట్టాలు కూడా వంకరే. మూడు వారాలు, వందసార్లకు పైగా దిగింది, తేడా సున్నా. రెండో వారంలో నేను ముందు ‘గీత మీదే’ అని, తర్వాత దుర్భిణిలో చూడటం మొదలుపెట్టాను. మూడో వారంలో పొద్దున టీ తాగుతూనే ఆ రోజు ఆరు గళ్లలో ఆరు సున్నాలు చుట్టేశాను. రేడియో ఆపరేటర్‌ది పరిగి. చూశాడు.

“చూడకముందే రాస్తున్నవేందన్నా?”

“చూసినంక రాసినా గదే వస్తది తమ్మీ.”

నాలుగో వారం, గురువారం. తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. రెండో దిగుడు. మబ్బు నేలకు దగ్గరగా ఉంది. నా కుడిచేతిలో టీ గ్లాసు. మబ్బులో ఇంజన్ మోత వినిపించింది. ఎడమచేత్తో రేడియో మైకు మీట నొక్కాను. ‘గీత మీదే’ అన్నాను. అప్పుడు కన్ను ఆనించాను.

దుర్భిణిలో విమానం లేదు.

తల పక్కకు తీశాను. చేను అవతలి ఫామ్‌హౌస్ నీలగిరి చెట్ల కొసల మీదుగా వస్తోంది. చక్రాల మీది మట్టి కూడా కనిపించింది. ఆడవాళ్లు జెండా కోసం చూడలేదు. చెవులు చెప్పిన మాట విని పరుగెత్తారు. రేడియో ఆపరేటర్ నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. “కిందికి ఉంది, లేవండి. కిందికి ఉంది, లేవండి.” నేను జెండా కోసం వెతికాను. అది నా చెవులకు చుట్టి ఉంది. చలికని నేనే పొద్దున్న మఫ్లర్‌లా కట్టుకున్నాను. గడ్డం కింద ముడి. ముడి ఊడలేదు.

విమానం చేను దాటింది. ముప్పై మీటర్ల ఎత్తు. దాని గాలికి చామంతులన్నీ ఒక్కసారి నేలకు ఒరిగాయి. తర్వాత ముక్కు పైకెత్తి, మబ్బులోకి పోయింది. మొత్తం నాలుగు సెకన్లు. ఎవరికీ ఏమీ కాలేదు.

కారణం అరగంటలో తెలిసింది. కిరణం పంపే యాంటెన్నా ముందు గడ్డి కోసే ట్రాక్టర్‌ను నిలిపి ఎవరో టీకి వెళ్లారు. ఇనుము తగిలి కిరణం వంగింది. ఆటోపైలట్ ఆ వంకరనే నమ్ముకుని దిగింది. చెట్లు కనపడగానే పైలట్ ఆటోపైలట్‌ను ఆపే మీట మీద చెయ్యి వేశాడట. కింది నుంచి ‘గీత మీదే’ అన్న నా మాట విని మూడు సెకన్లు ఆగానని సాయంత్రం చెప్పాడు. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే బాగుండేది.

వారెంట్ ఆఫీసర్ నా కాగితం అడిగాడు. ఇంకా జరగని నాలుగు దిగుడులకు కూడా సున్నాలు ఉన్నాయి. ఆయన వాటిని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. కొట్టేసి నా చేత్తోనే రాయమన్నాడు. రాశాను. తేడా, తొంభై మీటర్లు, కిందికి. చూసినవారు అన్న గడిలో, ఎవరూ లేరు.

అంతకుముందే చేలోకి దిగాను. ఎస్తేరమ్మ తల మీది గుడ్డ గాలికి ఎగిరిపోయి అవతలి సాలులో పడింది. తెచ్చి ఇచ్చాను. ఆమె దుమ్ము దులుపుకుంది. వినపడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

“జెండ లేవలేదు గద కొడుకా. ఏం కాదు తీ అనుకున్న.”

నేను సుగుణమ్మ వైపు తిరిగాను. తప్పు నాదేనని, నేను చూడనే లేదని ఆమెకు చెప్పమన్నాను. సుగుణమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

“నువ్వే చెప్పు సారూ. గా మాట నా చేతులకు రాదు.”

నా చేతులకూ రాలేదు. ఎస్తేరమ్మ నాకు చలి పెడుతుందనుకుందేమో, పోయి టీ తాగమంది.

నన్ను దుర్భిణి నుంచి తీసేశారు. మిగిలిన రెండు వారాలు టీ కాచాను. తర్వాత పెట్టె భుజాన వేసుకుని షేర్ ఆటోలో చేవెళ్లకు వచ్చాను. ఇప్పుడు బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుంటే జనం యుద్ధం కథలు అడుగుతారు. చెబుతాను. ఎడారిలో నా బూట్లు కరిగి గంజి అయ్యాయని చెబుతాను. మంచులో నా కేక గడ్డకట్టి మర్నాడు వినిపించిందని చెబుతాను. ఆ గురువారాన్ని మాత్రం ఎన్నిసార్లు ఎత్తుకున్నా గోరంత పెంచలేకపోయాను.

కళ్లు మూస్తే అదే. చేలో అందరూ పరుగెడుతుంటారు. ఆమె ఒక్కతే నిలబడి ఉంటుంది. వెనక చెట్ల మీదుగా చక్రాలు వస్తుంటాయి. ఆమె నా వైపు చూస్తుంది. ఏ తొందరా లేకుండా చూస్తుంది. మళ్లీ వంగి, ఇంకో పువ్వు కోస్తుంది.