బీరువా వెనక కౌంటరాయన

గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్లుగా కౌంటర్లో కూర్చుంటున్న మనిషిని అందరూ కౌంటరాయన అనే పిలుస్తారు. పుస్తకం పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదు. "నీలం అట్ట, లోపల బొమ్మలుంటాయి" అంటే చాలు, తెచ్చి చేతిలో పెడతాడు. పెట్టేముందు ఒక పరాచికం విసురుతాడు. దానికి చందా లేదు.

ఇప్పుడు గ్రంథాలయానికి కొత్త వెబ్‌సైట్ కడుతున్నారు. జనం తమంతట తామే పుస్తకాలు వెతుక్కోగలిగితే కౌంటర్ ఎత్తేసి, ఆయన్ని పాత పత్రికల గదికి పంపుతామని పెద్దసారు సెలవిచ్చాడు. ఆ గదికి మనుషులు రారు. బొద్దింకలు మాత్రం క్రమం తప్పకుండా హాజరవుతాయి. మాట్లాడకపోతే అన్నం సహించని మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? అందుకే సైట్ బోల్తా పడాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

నమూనా సైట్‌ను పాఠకులతో వాడించి చూడ్డానికి సర్వే చేసే ఒక అమ్మాయి వచ్చింది. ఒక్కొక్కరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఫలానా పుస్తకం వెతకమంటుంది. ఎవరూ సాయం చెయ్యకూడదు. వాళ్లన్న మాటలు అన్నవి అన్నట్టు రాసే పని, దస్తూరి గుండ్రంగా ఉంటుందని కౌంటరాయనకు అప్పగించింది.

మొదటిరోజు అందరూ తెర వదిలేసి ఆయన ముఖంలోకే చూశారు. అందరికీ పుస్తకాలు దొరికాయి. తన కుర్చీకి తానే ఎసరు పెట్టుకున్నానని ఆయనకు సాయంత్రానికి గానీ తట్టలేదు.

"మీరు చెప్పేస్తుంటే ఇంక నాకేం తెలుస్తుంది బాబాయ్?" అంది అమ్మాయి.

"నేను నోరు విప్పితే ఒట్టు. కళ్లతో చూపించానంతే."

మర్నాడు ఆయన కుర్చీ బీరువా వెనక్కి పోయింది. ఇక పాఠకులు వరసగా తప్పులు నొక్కడం, "నాకే చేతకాలేదమ్మా" అని క్షమాపణ చెప్పుకోవడం. బీరువా వెనక ఆయన హాయిగా రాసుకుంటున్నాడు.

నాలుగో మనిషి, బట్టలు కుట్టే ఆవిడ, అరగంట తంటాలు పడింది.

"మామూలు రోజుల్లో అయితే ఇంత కష్టపడకుండా, వచ్చి కౌంటర్లో అడిగేస్తారు కదండీ?" అంది అమ్మాయి.

"అడగను. ఆయనకి సెలవున్న రోజు చూసుకుని వస్తాను."

"ఎందుకని?"

"రెండేళ్ల కిందట పదో తరగతి లెక్కల పుస్తకం అడిగాను. పరీక్షకి కడదామనుకున్నాలెండి. 'ఈ వయసులోనా? మనవడితో కలిసి రాస్తావా?' అన్నాడు, హాలంతా వినబడేట్టు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి, వద్దులెండి అని వచ్చేశాను."

కౌంటరాయన కలం ఆగింది. ఎంత వెతుక్కున్నా ఆ రోజు గుర్తుకు రాలేదు. అలాంటివి రోజుకు పది అంటాడు. వంచిన తల ఎత్తకుండా మొత్తం రాశాడు.

ఆవిడ వెళ్లాక అమ్మాయి బీరువా వెనక్కి వచ్చి మెల్లగా, "ఆ ముక్క కొట్టేద్దామా బాబాయ్?" అంది.

"వద్దమ్మా, ఉండనీ." కలానికి మూత పెడుతూ అడిగాడు. "పరీక్ష పాసయిందంటావా?"

అమ్మాయి ఆయన రాసిన చివరి వాక్యం మీద వేలు పెట్టింది: 'నేనూ నవ్వేసి, వద్దులెండి అని వచ్చేశాను.'